ఇత్తడి గజం

పోయిన వారం కోట్ల మాస్టారినీ, ఆయన భార్యనీ పొద్దున్నే రైలెక్కించి వదిలేశాం. కిటికీ పక్కన ఆవిడ, ఆవిడ పక్కన చలికి ముడుచుకుని ఆయన, ఆయన ఒళ్ళో నల్ల సంచీ. ఆ సంచీ అడుగున ఫ్లానెల్ గుడ్డలో చుట్టిన కత్తెర ఉంది. సాయంత్రం ఐదింటికి, పట్నంలో కొట్టు పెట్టుకున్న శిష్యుడి చేతిలో ఆ కత్తెర పెట్టి, ఇక నావల్ల కాదురా అని చెప్పేసి రావాలని మాస్టారి నిర్ణయం. ఆవిడతో మాత్రం, "పెళ్ళయిన దగ్గర్నుంచీ పట్నం చూపించమంటున్నావుగా, పద" అన్నాడు. అసలు సంగతి ఆవిడకు తెలియదని ఆయన నమ్మకం. నేనూ అలాగే నమ్మి పోయిన వారం మీకు అలాగే చెప్పాను. ఆ సంగతి తర్వాత చూద్దాం.

కత్తెర ఎందుకు వదిలేస్తున్నాడంటే, కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మాస్టారు కోట్లు కుడతాడు. ట్రయల్ వేయడు. ఒక్కసారి కొలత తీసుకుంటే మళ్ళీ కోటు తొడుక్కుని వెళ్ళడమే, అంత పేరు. ఆయన కొలిచి అంకె చెప్తాడు, ఆవిడ పుస్తకంలో రాస్తుంది, ఆయన గుడ్డ కోసి కుడతాడు, ఆవిడ కాజాలు తీస్తుంది. అందుకే వీధిలో ఆవిణ్ణి అందరూ కాజాలమ్మ అంటారు. అలాంటి ఇంటికి ఈ నాలుగు నెలల్లో మూడు కోట్లు తిరిగొచ్చాయి. బ్యాంకు మేనేజరుకి బొత్తాం పెడితే ఊపిరాడలేదు. డాక్టరమ్మకి చేతులు మణికట్టు మీదికి రాలేదు. హెడ్మాస్టరు తొడుక్కుని వంగితే వీపు కుట్టు పటుక్కుమంది. మూడో కోటు తిరిగొచ్చిన రోజునుంచి మాస్టారు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కన్ను పోయింది, చెయ్యి పోయింది, ఇంక పరువు పోకముందే దిగిపోవాలి అనుకున్నాడు.

ఒక్క విషయం మిగిలింది. స్టేషనుకు బయల్దేరుతూ ఆయన పక్క కొట్టు ఇస్త్రీ ఆయన చేతిలో ఏదో పెట్టి చెవిలో చెప్పాడు. అదేమిటని పాఠకులు నన్ను నిలదీశారు. ఓపిక పట్టండి, అన్నీ ఒకేసారి విప్పితే వచ్చే వారం నేనేం తినాలి.

పట్నంలో దిగేసరికి మంచు ఇంకా విడలేదు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. కాజాలమ్మ మాత్రం హుషారుగా ఉంది. స్టేషను బయట రెండు టీలు తాగించింది. వంతెన మీదికి నడిపించింది. కింద నది బూడిద రంగులో కదలకుండా పడుకుని ఉంది, పడవల మీద కప్పిన పట్టాలకు మంచు అంటుకుని ఉంది. వంతెన మధ్యలో నిలబెట్టి, "ఇక్కణ్ణుంచి చూడండి, మూడు గోపురాలూ ఒకేసారి కనిపిస్తాయట" అంది. ఆయన గోపురాల వైపు చూడలేదు. ఎదురుగా వస్తున్న ఒకాయన కోటు వైపు చూశాడు.

"కాలరు వెనక్కి లాగేస్తోంది చూడు. మెడ దగ్గర కొలవకుండా కుట్టాడు."

"మీరు గోపురాలు చూడ్డానికి వచ్చారా, కాలర్లు చూడ్డానికి వచ్చారా?"

"ఇంకెన్నాళ్ళు చూస్తాన్లే" అన్నాడు మాస్టారు. అని నాలుక కరుచుకున్నాడు. ఆవిడ విననట్టే నదివైపు చూసింది.

తర్వాత మ్యూజియం. ఇక్కడ జరిగింది జాగ్రత్తగా వినండి. పై అంతస్తులో అద్దాల పెట్టెలో ఎప్పటిదో ఒక సైన్యాధిపతి కోటు ఉంది. ఎర్రది, వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. అందరూ దాని బంగారు దారాలు చూసి వెళ్ళిపోతున్నారు. మాస్టారు మాత్రం అద్దానికి ముక్కు ఆనించి పావుగంట నిలబడ్డాడు. కాపలా మనిషి వచ్చి దగ్గాడు.

"అద్దం ముట్టుకోకూడదండీ."

"ముట్టుకోను. ఈయనకి ఎడమ భుజం దెబ్బతిందా?"

కాపలా మనిషి తెల్లబోయాడు. "మీకెలా తెలుసు? యుద్ధంలో విరిగిందట. ఆ సంగతి ఇక్కడెక్కడా రాయలేదే."

"ఎడమ భుజం అర అంగుళం దింపి, లోపల మెత్త పెట్టి కుట్టాడు. బయటికి రెండూ సమానంగా కనిపించాలని. ఎవరో గానీ మహానుభావుడు" అన్నాడు మాస్టారు. ఎవరికి దండం పెట్టాలో తెలియక ఆ కోటుకే పెట్టాడు.

కాజాలమ్మ ఆ మాట వింది. మనసులో ముడి వేసుకుంది.

మధ్యాహ్నం నుంచి దుకాణాలు. ఆవిడ దేన్నీ వదల్లేదు. చెప్పుల కొట్టు, దుప్పట్ల కొట్టు, గిన్నెల కొట్టు. కొన్నది తక్కువ, ముట్టుకున్నది ఎక్కువ. ఒక పెద్ద రెడీమేడ్ షాపులో మాస్టారు వేలాడుతున్న కోట్లన్నిటినీ లోపలికి తిరగేసి లైనింగు చూస్తుంటే, సేల్స్ పిల్ల వచ్చి, "ఏ సైజు కావాలి సార్?" అంది. "మనిషి సైజు" అన్నాడు మాస్టారు. కాజాలమ్మ ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఆయన ఆవిడకు ఉన్ని చేతితొడుగులు కొన్నాడు. ముదురు నీలం, మణికట్టు దగ్గర తెల్ల గీత. సూది పట్టి పట్టి ఆవిడ చూపుడువేలు చివర గట్టిపడిపోయి ఉంటుంది, చలికాలం పగులుతుంది. ఆయనే తొడిగాడు, ఒక్కో వేలూ సర్ది. పెళ్ళయి ముప్ఫై రెండేళ్ళు, నడివీధిలో ఆవిడ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. ఆవిడకు ముచ్చట వెయ్యాలి కదా. వెయ్యలేదు. ఇది వీడ్కోలు మర్యాదలా ఉందే అనిపించింది.

చివరికి ఒక సందులో బొత్తాల కొట్టు. కొట్టంటే కొట్టు కూడా కాదు, రెండు గోడల మధ్య చీలిక. నేలనుంచి కప్పుదాకా చిన్న చిన్న సొరుగులు, ప్రతి సొరుగు మీదా లోపలున్న బొత్తాం ఒకటి కుట్టి ఉంది. మధ్యలో స్టూలు మీద ఒక ముసలావిడ. కాజాలమ్మ కొమ్ము బొత్తాలు ఎనిమిది ఏరింది. ఒక్కోదాన్నీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, గీత ఉన్నవి పక్కన పెట్టి, చాలాసేపు తీసుకుంది. ఒక పసుపుపచ్చ టేపు కూడా తీసుకుంది.

"టేపెందుకు? నా మెళ్ళో ఉందిగా" అన్నాడు మాస్టారు. నిజమే, మఫ్లర్ కింద ఉంది. స్నానానికి తప్ప దాన్ని ఆయన తియ్యడు. ఆయన గురువు తన మెళ్ళోంచి తీసి ఈయన మెళ్ళో వేసిన టేపు అది. అంకెలు కొన్ని చెరిగిపోతే ఆవిడే దారంతో కుట్టి పెట్టింది.

"నాక్కావాలి. కాజాకీ కాజాకీ మధ్య కొలుచుకోడానికి మీ మెడ చుట్టూ తిరగలేను."

"మరి ఈ కొమ్ము బొత్తాలు?"

"మీరు కుట్టబోయే కోటుకి."

"ఇంకా కోట్లేమిటే" అన్నాడు మాస్టారు.

నోరు జారింది. కాజాలమ్మ బొత్తాల పొట్లం కొంగున ముడి వేసుకుని, బయటికి నడిచింది. వెనకాలే ఆయన, తేలు కుట్టిన దొంగలా.

సందు చివర పాత మార్కెట్టు. దాని నెత్తిన గడియారం, ముందు రాతి మెట్లు, మెట్ల పక్కన బల్ల. అప్పటికి నాలుగూ ఇరవై. ఎండ మెట్ల మీద చివరి వరస మాత్రమే మిగిల్చుకుని వెళ్ళిపోతోంది. ఎదురుగా రోడ్డు దాటితే, నాలుగు కొట్ల అవతల శిష్యుడి కొట్టు. అద్దాల వెనక దీపాలు అప్పుడే వెలిగించారు. మాస్టారు ఆ వైపు చూడకుండా కూర్చున్నాడు. ఆవిడ ఆ వైపే చూస్తూ కూర్చుంది.

"ఎన్నింటికి రమ్మన్నాడు?"

"ఎవరు?"

"మీ శిష్యుడు."

మాస్టారు సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"పొద్దున నేను పాలు కాస్తుంటే మీరు కొట్లోకి వెళ్ళి మేకు మీది కత్తెర తీశారు. ఫ్లానెల్లో చుట్టారు. చుట్టేముందు దాని పిడికి నుదురు ఆనించారు. నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను" అంది కాజాలమ్మ. గొంతు పెంచలేదు. "పట్నం చూపిస్తానంటే నమ్మేసేంత పిచ్చిదాన్నా? ముప్ఫై రెండేళ్ళు చూపించనివాళ్ళు ఇవాళ ఎందుకు చూపిస్తారు?"

చూశారా. పోయిన వారం ఆవిడ నా కళ్ళకు కూడా గంతలు కట్టింది.

"తెలిసీ పొద్దున్నుంచీ నన్ను ఊరంతా తిప్పావా?"

"మీరే చెప్తారేమోనని తిప్పాను. వంతెన మీద చెప్తారేమో అనుకున్నా. గ్లౌజులు తొడుగుతుంటే చెప్తారనుకున్నా. కాళ్ళు పీకాయి గానీ మీరు నోరు విప్పలేదు."

మాస్టారు చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. "మూడు కోట్లే. మూడూ ముప్పావు అంగుళం, అటూ ఇటూ. నువ్వు రాసిన అంకె చూసే కోశాను. ఒకటికి రెండుసార్లు చూసి కోశాను. అయినా తక్కువొస్తోందంటే ఏమిటర్థం? కన్ను అంకెను ఒకలా చూస్తోంది, చెయ్యి ఒకలా గీస్తోంది. రేపొద్దున నాలుగోది, ఐదోది. ట్రయల్ వెయ్యని మాస్టారు అని పిలిచిన నోటితోనే ముసలాడికి చూపు ఆనదు అంటారు. ఆ మాట నేను వినలేను."

"అలాగా" అంది కాజాలమ్మ. కళ్ళు తుడుచుకుంది, కొత్త చేతితొడుగుతోనే. "మరి నా సంగతి వినండి. మీరు చెప్పిన అంకె నేను తప్పు రాస్తున్నానేమోనని నాలుగు నెలలుగా నిద్ర లేదు నాకు. మీరు ముప్ఫై ఆరు అంటే ముప్ఫై అయిదని రాసుకుంటున్నానేమో, చెవులు పోయాయేమో అని. హెడ్మాస్టరు కోటు తిరిగొచ్చిన రోజు పుస్తకం అంతా వెనక్కి తిరగేశాను. మీకు చెప్తే నన్ను పుస్తకం ముట్టుకోవద్దంటారని భయపడి చెప్పలేదు."

మాస్టారు నోరు తెరిచి ఆవిడ వైపు చూశాడు. ఒకే కప్పు కింద, ఒకే బల్లకు ఆ పక్కా ఈ పక్కా నిలబడి, నాలుగు నెలలు ఇద్దరూ ఎవరి తప్పును వాళ్ళు కడుపులో దాచుకుని తిరిగారు. ఇలాంటివాళ్ళను చూస్తే నాకు జాలీ వేస్తుంది, రెండు మొట్టికాయలు వెయ్యాలనీ అనిపిస్తుంది.

"నీ చెవులకేం కాలేదే. నువ్వు రాసింది నేను చెప్పిందే. చెప్పిన అంకెలు నాకు గుర్తుంటాయి."

"మీ కళ్ళకూ ఏం కాలేదు. అద్దం వెనకాల కోటు లోపల మెత్త ఉందని కనిపెట్టిన కన్ను, బల్ల మీది అంకె చూడలేదా? నేను చెప్పినా నమ్మరు. రండి."

చెయ్యి పట్టి లేపింది. ఎక్కడికో ఆవిడకే తెలుసు. మెట్లెక్కి మార్కెట్టు గోడ దగ్గర ఆగింది. ఇందాక చెప్పులు చూసి వస్తూ ఆవిడ గమనించిన వస్తువు అక్కడుంది. రాతి గోడలో నడుమెత్తున పొదిగిన ఇత్తడి గజం. రెండు చివరలా రెండు కొమ్ములు, మధ్యలో అంగుళాలకు గీతలు. వేలమంది చేతులు రాసుకుని బంగారంలా మెరుస్తోంది. పైన రాతి మీద చెక్కి ఉంది: "సరుకు కొలిచేవారు ముందు తమ కొలబద్దను ఇక్కడ కొలుచుకోవలెను."

"ఇది సరిగ్గా గజం. ముప్ఫై ఆరు అంగుళాలు. గుడ్డలమ్మేవాళ్ళంతా పూర్వం దీంతోనే సరిచూసుకునేవారట. మీ టేపు పెట్టి చదవండి. ముప్ఫై ఆరు చదివితే మీ కన్ను మంచిది. నేను పక్కనుంచి చూస్తాను. చదవలేకపోతే కత్తెర తీసుకెళ్ళి ఇచ్చేసి రండి, నేను ఒక్క మాట అనను."

ఇది పందెం అనుకోండి, పరీక్ష అనుకోండి. మాస్టారు మఫ్లర్ విప్పాడు. టేపు తీశాడు. ఒక చివర ఎడమ కొమ్ముకు ఆనించి, కుడి చేత్తో లాగకుండా, వదలకుండా, కొలిచే పద్ధతిలో నిమిరి, రెండో కొమ్ము దగ్గర బొటనవేలు పెట్టి వంగి చూశాడు. చూసి, కళ్ళు మూసుకున్నాడు.

"ముప్ఫై అయిదుంబావు."

కాజాలమ్మ మొహంలో రంగు పోయింది.

"చెప్పాగా. ఇనుములాంటి గజం ఎదురుగా ఉన్నా నాకు ముప్ఫై అయిదుంబావే కనిపిస్తోంది" అన్నాడు మాస్టారు. "ఇంక పద, ఐదవుతోంది."

కాజాలమ్మ కదల్లేదు. ఆయన బొటనవేలు అలాగే పట్టుకుని వంగి చూసింది. తన కుట్టుదారంతో రాసిన అంకెలే కదా, ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు.

"ఏవండీ. నాకూ ముప్ఫై అయిదుంబావే కనిపిస్తోంది."

"నా బాధ పంచుకోడానికి అబద్ధం చెప్పకు."

"అబద్ధం నా మొహం. చూడండి, ఇదుగో అయిదు, ఇదుగో పావు." పొట్లం పక్కనున్న పసుపుపచ్చ టేపు విప్పి, పాత టేపు పైనే ఆనించింది. కొత్త టేపులో ముప్ఫై ఆరో గీత సరిగ్గా ఇత్తడి కొమ్ము మీద పడింది. దాని కింద పాత టేపు అంకె ముప్పావు అంగుళం వెనకబడి ఉంది.

మాస్టారు పాత టేపును కొసనుంచి కొసదాకా వేళ్ళ మధ్య నిమిరాడు. మెత్తగా, పలచగా, ముసలి చర్మంలా ఉంది.

"సాగిపోయింది" అన్నాడు నెమ్మదిగా. "ఇది సాగిపోయిందే."

"మరి ఇన్నాళ్ళూ కోట్లు సరిపోయాయిగా?"

"ఇన్నాళ్ళూ మనిషిని దీంతోనే కొలిచాను, గుడ్డ మీద దీంతోనే గీశాను. ఇది ఒకటే అబద్ధం రెండుచోట్లా ఆడింది, అందుకని చెల్లిపోయింది. ఎండాకాలంలో కొత్త బల్ల వచ్చింది చూడు, అంచుకు స్టీలు స్కేలు బిగించింది? అప్పట్నుంచి మనిషిని దీంతో కొలుస్తున్నాను, గుడ్డని ఆ స్కేలుతో గీస్తున్నాను. ముప్ఫై ఆరు ఛాతీ దీని లెక్కలో ముప్ఫై అయిదుంబావు. నువ్వు అదే రాశావు. నేను స్కేలు మీద నిక్కచ్చిగా ముప్ఫై అయిదుంబావు కోశాను. మేనేజరుకి ఊపిరి ఎందుకాడుతుంది?"

ఆడలేక మద్దెల ఓడు అంటాం కదా. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. పాపం ఆడేవాడే కాళ్ళు విరిగాయేమో అనుకుని మూల కూర్చున్నాడు.

మాస్టారు మెట్టు మీద కూలబడ్డాడు. నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. ముసలాయన పడ్డాడేమోనని ఇద్దరు ముగ్గురు ఆగారు. "ఏం లేదండీ, ఆయన కళ్ళు బాగున్నాయట" అని కాజాలమ్మ వాళ్ళకు చెప్పింది. వాళ్ళకు ఏమర్థమైందో గానీ తలలూపి వెళ్ళిపోయారు. ఆవిడా ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుని భుజానికి తల ఆనించింది. నాలుగు నెలలుగా ఛాతీ మీద కూర్చున్న బరువు దిగిపోయింది ఆవిడకు. రాయి చల్లగా ఉన్నా లేవబుద్ధి కాలేదు.

"బ్యాంకాయనకి కబురు పెట్టాలి. లోపల కుట్టులో అంగుళం వదిలాను, విప్పి సర్దొచ్చు. డాక్టరమ్మకి చేతుల మడత దింపితే సరి. హెడ్మాస్టరుకి వీపు మొత్తం కొత్తది వేస్తా" అన్నాడు మాస్టారు. పొద్దున్నుంచీ ఎక్కడికి పోయిందో ఆ గొంతు, ఇప్పుడు తిరిగొచ్చింది.

"ఎనిమిది కొమ్ము బొత్తాలున్నాయి" అంది కాజాలమ్మ. "ఒక మాట అడగనా? ఆ టేపుతో తొమ్మిదేళ్ళు కొలత నేర్చుకున్నాడు మీ శిష్యుడు. ఆ బల్ల కానుకగా పంపిందీ వాడే. టేపు సాగిందని వాడికి తెలీదంటారా?"

"ఛ. మనింట్లో పెరిగిన పిల్లాడు. అలాంటి మాట అనకు."

"అనను లెండి. కత్తెర మాత్రం ఇవ్వడానికి వీల్లేదు."

"ఇస్తానా?" మాస్టారు సంచీ తెరిచాడు. కత్తెరను ఇక్కడే, ఈ ఎండలో ఒకసారి చేతిలోకి తీసుకోవాలనిపించింది. ఫ్లానెల్ మూట తీశాడు, ఒక్కో మడతా విప్పాడు. లోపల కత్తెర లేదు. గుడ్డ కదలకుండా బల్ల మీద పెట్టే ఇనప బిళ్ళలు రెండు, ఒకదానిమీద ఒకటి, బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

"మీరు స్నానానికి వెళ్ళినప్పుడు మార్చేశాను" అంది కాజాలమ్మ.

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా. మాస్టారు బిళ్ళల వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "వీటినా పొద్దున్నుంచీ నేను వంతెనలూ, మ్యూజియాలూ ఎక్కించి మోశాను?"

"మోయండి. నాకు చెప్పకుండా బయల్దేరినందుకు ఆ మాత్రం శిక్ష ఉండాలి."

ఆయన మళ్ళీ నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ, "ఇంతకీ ఎక్కడ దాచావు?" అన్నాడు.

"మీకు కనపడకుండా ఎక్కడ దాస్తాను? మన కుట్టుమిషను సొరుగులో, బాబిన్ల కింద."

మాస్టారి నవ్వు సగంలో ఆగిపోయింది.

"మిషను సొరుగులోనా?"

"ఏం? మిషను ఎక్కడికైనా నడిచిపోతుందా?"

ఆవిడ ఆయన మొహం చూసి, చేతితొడుగులు తీసేసి, "ఏం చేశారు?" అంది.

"మిషనూ, బల్లా పాత సామాన్ల ఆయనకి ఇచ్చేశాను. నువ్వుండగా తీసుకెళ్తే నువ్వు చూడలేవని... అందుకే ఇవాళ నిన్ను ఇక్కడికి తీసుకొచ్చాను. తాళంచెవి ఇస్త్రీ ఆయనకిచ్చాను. ఐదింటికి బండి వస్తుంది."

ఇదుగో, మీరడిగిన రహస్యం. నన్ను తిట్టుకోకండి, దాచింది ఆయన.

కాజాలమ్మ తిట్టలేదు, ఏడవలేదు. తల పైకెత్తి గడియారం చూసింది. ఐదుకు ఇంకా నాలుగు నిమిషాలు. "ఫోన్ చెయ్యండి" అంది.

చలికి వేళ్ళు తిరగక రెండుసార్లు తప్పు నొక్కాడు. మూడోసారి మోగింది. ఇస్త్రీ ఆయన ఎత్తేసరికి, ఆవిడ కూడా వినేలా ఫోను ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు.

"ఏవయ్యా, ఆ తాళంచెవి ఎవరికీ ఇవ్వకు. బండి వస్తే వెనక్కి పంపించెయ్. నేను మనసు మార్చుకున్నాను."

అవతల ఇస్త్రీపెట్టె కింద పెట్టిన చప్పుడు వచ్చింది.

"బండి మధ్యాహ్నమే వచ్చేసింది మాస్టారూ. ఐదన్నారు గానీ వాళ్ళకి తొందరట. మిషనూ, బల్లా ఎక్కించుకుని వెళ్ళి రెండు గంటలు దాటింది. భద్రంగానే ఎక్కించార్లెండి, దుప్పట్లు చుట్టి మరీ."

మాస్టారు గోడకు చెయ్యి ఆనించాడు, ఆ ఇత్తడి గజం మీదే.

"పాత సామాన్ల ఆయన గోడౌను ఎక్కడో నీకు తెలుసా?"

"ఆయనదెక్కడండీ, ఆయన బండి కాదుగా వచ్చింది. బండి మీద ఇంతింత అక్షరాలతో పేరు రాసుంది. పట్నంలో మీ శిష్యుడి కొట్టు బండే అది. మీరే పంపారనుకున్నాను."

నెత్తిమీద గడియారం ఐదు కొట్టడం మొదలుపెట్టింది. రోడ్డు అవతల, వెలుగుతున్న అద్దాల ముందు, ఒక బండి వెనక తలుపులు తెరిచి నిలబడి ఉంది. దుప్పటి చుట్టిన బరువైన దేన్నో ఇద్దరు మనుషులు జాగ్రత్తగా కిందికి దించుతున్నారు. దుప్పటి చివర జారి, మిషను చక్రం బయటికి కనిపిస్తోంది.

కాజాలమ్మ కొత్త టేపు తీసి మాస్టారి మెళ్ళో వేసింది. పాతదాన్ని మడిచి తన కొంగులో, కొమ్ము బొత్తాల పక్కన ముడి వేసుకుంది.

"పదండి" అంది. "ఐదింటికి వస్తానని మాటిచ్చారుగా."